మామ్మ రెండో టీవీ

ఆ రోజుల్లో మా గూడెం కొత్తవీధి వైపు చదువుకున్నవాళ్ళకి ఒకటే దారి ఉండేది, అది కిందికి పోయేది. కింద అంటే నర్సీపట్నం, అనకాపల్లి, విశాఖపట్నం. ఉద్యోగాలన్నీ కిందే ఉండేవి. పైన కాఫీ, మిరియాలు, చలి ఉండేవి. డిగ్రీ కోసం మూడేళ్ళు కింద ఉండి, ఆ ఉక్కపోతకి మొహం మొత్తి తిరిగొచ్చిన నేను మళ్ళీ కొండ దిగకూడదని గట్టిగా అనుకున్నాను. కానీ పైన ఉండి ఏం చేస్తావని ఎవరైనా అడిగితే చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. సరిగ్గా అప్పుడే హాస్టల్లో నా రూమ్మేటు (ఎప్పుడూ లాభాల గురించే మాట్లాడేది కాబట్టి లాభాలక్ష్మి అనేవాళ్ళం) ఒక ఉత్తరం రాసింది. కంప్యూటరు ముందు కూర్చుని పొద్దున షేర్లు కొని సాయంత్రంలోపు అమ్మేస్తే చాలట, గడప దాటక్కర్లేదట. ఉత్తరంతో పాటు కొనాల్సిన సామాను జాబితా, ఏదో పత్రికలోంచి కత్తిరించిన ఒక బొమ్మ ఉన్నాయి. ఆ బొమ్మలో ఒకాయన రెండు మానిటర్ల ముందు కాలు మీద కాలేసుకుని కాఫీ తాగుతున్నాడు. కాఫీ మా దగ్గర తోటలకి తోటలే ఉంది, మిగిలినవి కొనుక్కుంటే సరిపోతుందనిపించింది.

కొనడానికి డబ్బున్నది ఇంట్లో ఒక్క మామ్మ దగ్గరే. మామ్మ అంటే మా నాన్న తల్లి. మూడేళ్ళు మిరియాలు అమ్మి కూడబెట్టిన సొమ్ము ఆమె ట్రంకుపెట్టెలో బైబిలు కింద ఉండేది. అది ఇంటి కప్పు కోసం. మా గడ్డి కప్పు పాతబడి, వానాకాలం వస్తే పడకలు ఈ మూల నుంచి ఆ మూలకి వలసపోయేవి. ఈసారి వానల్లోపు సిమెంటు రేకులు వేయించాలని ఆమె పంతం. ఆ డబ్బు అడగడానికి వారం రోజులు మాటలు కూర్చుకున్నాను. ఈ వ్యాపారం ఆమెకి అర్థమయ్యేలా చెప్పడం నా వల్ల కాదని బెంగ. ఆమె చింతపండు పిక్కలు తీస్తూ అంతా విని, "అదేటే, నాను సేసేదీ అదే కదా" అంది.

నిజమే. సంతరోజున మామ్మ పొద్దున్నే బాటలో నిలబడి, పై ఊళ్ళవాళ్ళు దించుకొచ్చే అడ్డాకులు, పసుపు కొనేది. పొద్దు వాలేలోపు అవన్నీ సంతలో అమ్మేసి ఖాళీ గంపతో ఇంటికొచ్చేది. "సంతకి తెచ్చింది సంతలోనే ఒగ్గేయాల. రేపు రేటు పెరుగుతాదని ఇంటికి మోసుకొచ్చినోడికి మెడనొప్పే మిగుల్తాది" అనేది. నా సంత వారానికి ఎన్నాళ్ళని అడిగింది. ఐదు రోజులన్నాను. ఆమె చేతిలో చింతపండు ఆగిపోయింది. "అయితే వానల్లోపు రేకుల డబ్బు నా సేతిలో ఎట్టాల" అని ఒక్క షరతు పెట్టింది. పెడతానని బైబిలు మీద చెయ్యి వేసి చెప్పాను (వెయ్యమని ఎవరూ అడగలేదు, ఉత్సాహం కొద్దీ వేశాను).

ఇద్దరం విశాఖపట్నం దిగాం. దుకాణంలో తేలిందేమిటంటే, మా దగ్గరున్న డబ్బుకి జాబితాలో అన్నీ వస్తాయి గానీ యూపీఎస్, రెండో మానిటరు మాత్రం రెండూ రావు, ఏదో ఒకటే. "కొండ మీదికంటున్నారు కదమ్మా, యూపీఎస్ తీసుకోండి. కరెంటు పోయినా ఇరవై నిమిషాలు నడుస్తుంది" అన్నాడు దుకాణదారు. "మా ఊళ్ళో కరెంటు పోతే ఇరవై నిమిషాలకి రాదు బాబూ, ఇరవై గంటలకి వస్తాది. అయినా ఆయన సెప్పింది తీసుకోయే. నీకున్నవి రెండు కళ్ళు, రెండూ ఒకే సోటికి సూస్తాయి. రెండు టీవీలెందుకు?" అంది మామ్మ. నేను బొమ్మ తీసి చూపించాను. బొమ్మలో రెండు మానిటర్లున్నాయి, యూపీఎస్ లేదు (అది బల్ల కింద ఉంటుందని నాకు తర్వాత తెలిసింది). దుకాణదారు "రెండు పెట్టాలంటే మరి లోపల..." అని ఏదో మొదలుపెట్టాడు. డిగ్రీ చదివినదాన్ని, నాకు చెప్పేదేమిటని, "తెలుసండీ" అన్నాను. ఆయన మొత్తం కూడి చూపించాడు. మామ్మ సంతలో చేసినట్టే ధర నచ్చలేదని లేచి పది అడుగులు నడిచింది. సంతలో అయితే పదో అడుగుకి వెనక నుంచి పిలుపు వస్తుంది. ఇక్కడ ఎవరూ పిలవలేదు. "ఈడికి బేరం నేర్పినోళ్ళు నేరు" అని గొణుక్కుంటూ తనే వెనక్కొచ్చింది. ఆమె మొహం చూసి జాలేసిందో ఏమో, ఆయన మౌసు కింద వేసుకునే చిన్న చాప ఉచితంగా ఇచ్చాడు.

ఘాట్ రోడ్డు మీద ప్రతి మలుపులోనూ లావుపాటి మానిటరు నా ఒళ్ళోంచి పక్కాయన ఒళ్ళోకి వెళ్ళి వచ్చింది. మామ్మ బస్సు బస్సంతటికీ "మా గుంట ఇంట్లో కూకుని సంత సేత్తాది" అని చెప్పుకుంది (మా వైపు గుంట అంటే ఆడపిల్ల). ఇంటికొచ్చి, పుస్తకం చూసి తీగలన్నీ బిగించాను. మొదటి మానిటరు వెలిగింది. రెండోదాని తీగ పట్టుకుని కంప్యూటరు పెట్టె వెనకంతా వెతికాను. అలాంటి కన్నం ఇంకోటి లేదు. పక్కల చూశాను, తిరగేసి అడుగున కూడా చూశాను. లాభాలక్ష్మికి ఫోను చేస్తే, "దానికి లోపల వేరే కార్డు వేయించుకోవాలి కదే. దుకాణంవాడు చెప్పలేదా?" అంది. చెప్పబోయాడు, నేనే చెప్పనివ్వలేదు. షేర్లు కొనడానికని కింద షేర్ల ఆఫీసులో కట్టింది పోను, ఆ కార్డు కొనడానికి ఇంట్లో ఇంక పైసా లేదు. అలా రెండో మానిటరు మొదటిదాని పక్కన గుడ్డ కప్పుకుని కూర్చుంది. చూడ్డానికి వచ్చిన ఊరివాళ్ళు "ఒకటి అలిసిపోతే రెండోది పనిచేత్తాదేటి?" అని అడిగితే, ఇంటి పరువు కోసం మామ్మ "అవును" అనేది.

వ్యాపారం చెయ్యాలంటే కరెంటు, ఫోను సిగ్నలు (ఇంటర్నెట్టు దాంట్లోంచే వచ్చేది), నా ధైర్యం, మూడూ ఒకేసారి ఉండాలి. అవి కలిసొచ్చిన రోజు ఒక సంతరోజే అయింది. పది గంటలకి షేర్లు కొన్నాను. పదకొండున్నరకి లాభంలో ఉన్నాను. అమ్మేద్దామా అనుకుని, ఇంకొంచెం పెరగనిద్దామనుకున్నాను. గాలి లేచింది. తెర ఒక తెల్ల చుక్కగా ముడుచుకుని ఆరిపోయింది. మా ఫోను తీగ లేనిది, కరెంటు పోతే దాని టవరూ పడుకునేది. పరుగున సంతకి వెళ్ళి ఎస్టీడీ బూతు ముందు నిలబడ్డాను. కొండమీది జనమంతా చుట్టాలకి ఫోన్లు చేసుకునే రోజు అది. నా వంతు వచ్చేసరికి మూడున్నర దాటింది. "మధ్యాహ్నం నుంచి బాగా పడిపోయిందండి. సాయంత్రంలోపు అమ్మాలి కాబట్టి మేమే అమ్మేశాం" అన్నారు కింద షేర్ల ఆఫీసువాళ్ళు. బూతు బయట మామ్మ ఖాళీ గంపతో నిలబడి ఉంది.

"అమ్మీసావేటే?"

"వాళ్ళే అమ్మేశారు మామ్మా."

ఎంతకని అడగలేదు. నా మొహం చూసి, వేడి పకోడీల పొట్లం కొని నా చేతిలో పెట్టింది. తిట్టి ఉంటే బాగుండేది. ఆ పొట్లం పట్టుకుని, ఆమె కప్పు నేను ఊడగొట్టానని సిగ్గుతో ఏడ్చాను.

వేసవి ముదిరింది. సాయంత్రాలు మబ్బులు పట్టడం మొదలైంది. కంప్యూటరు అమ్మేద్దామంది మామ్మ. కొన్నంతకి రాదు, కొన్నాళ్ళు ఆగుదామన్నాను. "ఇది సంతనుంచి ఇంటికి మోసుకొచ్చిన సరుకే. దినదినం బరువెక్కుతాది. సినుకు పడిందంటే రేకుల రేటు పెరుగుతాది, దీని రేటు తగ్గుతాది" అంది. ఆ ఆదివారం ప్రార్థన అవగానే మిషన్ హాస్టలు ఫాదర్‌గారిని ఇంటికి పిలుచుకొచ్చింది. హాస్టలు పిల్లలకి కంప్యూటరు నేర్పించాలని ఆయనకి ఎప్పటినుంచో కోరిక. రేకులకి సరిపోయేలా ధర కుదిరింది. నేను ఊపిరి పీల్చుకునేలోపు మామ్మ, "కంప్యూటరు ఒక్కటే ఇవ్వను ఫాదర్‌గారూ. దాన్ని నడిపే గుంట కూడా వస్తాది. నెలకి జీతం ఇయ్యాల" అంది. ఆయన నవ్వి, మనిషిని కింద నుంచి తెచ్చుకుంటామన్నారు. మామ్మ లేచి వంటింటి వైపు అడుగులు వేసింది. నేను లెక్కపెడుతూనే ఉన్నాను. ఎనిమిదో అడుగుకి వెనక నుంచి పిలుపు వచ్చింది.

అలా నా మొదటి ఉద్యోగం కంప్యూటరుతో పాటు వెళ్ళిన సామానుగా దొరికింది (మౌసు కింది చాప తర్వాత నేనే). మొదటి వానకి రెండు రోజుల ముందు రేకులు లేచాయి. వాన పడిన రాత్రి రేకుల చప్పుడుకి ఎవరికీ నిద్ర లేదు గానీ పడకలు మాత్రం కదల్లేదు. రెండో మానిటర్ని మామ్మ అమ్మనివ్వలేదు. కిటికీ పక్కన బల్ల మీద పెట్టించి, గుడ్డ తీసి, ఆ నల్లటి అద్దంలో చూసుకుంటూ రోజూ తల దువ్వుకునేది. "నీ సామానంతట్లో కరెంటు నేకుండా పనిచేసేది ఇదొక్కటేనే" అనేది.

మామ్మ పోయి చాలా ఏళ్ళయింది. నేను కొండ దిగలేదు. షేర్ల ధరలు ఇప్పుడు నా అరచేతిలో ఫోనులోనే కనిపిస్తాయి, నేను చూడను. మొన్న గాలివానకి కరెంటు పోతే, ఆ రెండో టీవీ ముందు నిలబడి తల దువ్వుకుంటున్నాను. పాపిట పక్కన తెల్లవెంట్రుకలు గుంపుగా కనిపించాయి. రెండు మానిటర్ల కోసం పంతం పట్టిన గుంట కోసం ఆ అద్దంలో కాసేపు వెతికాను, నవ్వొచ్చింది. రంగు వేద్దామా అని ఒక్క క్షణం ఆలోచించి, ఒగ్గేశాను.