వెనక తలుపు

ప్రతి వేసవిలోనూ ఆ పేట కమ్యూనిటీ హాల్లో నాటకాలాడతారు. వట్టి నాటకాలు కావు, సమాజాన్ని మార్చేసే నాటకాలు. ఓ ఏడు తాగుడు మీద, ఓ ఏడు మురికినీళ్ళ మీద. సమాజం మారిన దాఖలాలు లేవు గానీ హాలుకి కొత్త ఫ్యాన్లొచ్చాయి, డైరెక్టరుగారి ఫొటో పేపర్లో పడింది.

ఆ నాటకాల్లో జనానికి కనపడని మనిషి ఒకావిడుంది. అందరూ గుసగుసక్క అంటారు. పక్కతెర చాటున స్టూలు మీద కూర్చుని, మాట మర్చిపోయినవాళ్ళకి అందిస్తుంది. పొద్దంతా లాండ్రీలో ఆసుపత్రి దుప్పట్లు ఇస్త్రీ చేసి, ఆవిరికి ఉబ్బిన చేతులతోనే రిహార్సలుకి వచ్చేది. నిజానికి ఆవిడకి నాటకాల పిచ్చేమీ లేదు. పిచ్చంతా చెల్లెలిది. ఆ పిల్ల స్టేజీ ఎక్కితే చూడ్డానికి రెండు కళ్ళూ చాలవు. కానీ నాలుగు మాటలు వరసగా గుర్తుంటే ఒట్టు. చెల్లెలి పరువు కాపాడ్డానికి తెర చాటుకి చేరిన అక్క అక్కడే ఉండిపోయింది.

పక్కన అక్క ఉందన్న ధీమాతో మిగతా నటులు కూడా బట్టీ పట్టడం మానేశారు. ఆవిడ ఏదంటే అది, బుర్రకెక్కేలోపే నోట్లోంచి వచ్చేస్తుంది. ఒకసారి మంత్రి వేషగాడి మీసం ఊడిపోతోందని ఆవిడ "మీసం, మీసం" అంటే, వాడు జనం వైపు తిరిగి "మీసం! మీసం!" అని గర్జించాడు.

పోయిన ఏడు ఆ లాండ్రీ తగలబడింది. అక్క పని దిగి ఇంటికెళ్ళిపోయింది, అక్కడే పనిచేసే చెల్లెలు లోపల చిక్కుకుని చచ్చిపోయింది. దుప్పట్లు ఎవరో ఎత్తుకుపోతున్నారని ఓనరు వెనక తలుపుకి బయటినుంచి తాళం వేయించాడు. పనివాళ్ళందరికీ తెలుసు. ఒక్కరు నోరు విప్పలేదు, కొత్త లాండ్రీలో పనిచ్చేదీ ఆయనే కదా! అక్క మాత్రం కనపడిన ప్రతి ఆఫీసరుకీ చెప్పింది. చివరికి, ఆ పిల్లే ఇస్త్రీపెట్టె ఆపడం మర్చిపోయిందని తేల్చి చేతులు దులుపుకున్నారు. ఆవిడ ఆ పని ఓనరు మొహాన కొట్టి, ఇంటి వరండాలో ఇస్త్రీబల్ల వేసుకుంది.

ఈ వేసవికి ఆ అగ్నిప్రమాదం మీదే నాటకమన్నారు డైరెక్టరుగారు. అక్క జరిగిందంతా పూసగుచ్చినట్టు చెప్పింది. తీరా నాటకం చేతికొచ్చాక చదివితే ఒళ్ళు మండిపోయింది. అందులో తాళం లేదు. ఫోన్లో కబుర్లాడుతూ ఇస్త్రీపెట్టె మర్చిపోయిన పిల్ల ఉంది. చివర్లో ఆ పిల్ల జనంతో "నా నిర్లక్ష్యమే నన్ను మింగింది" అంటుంది.

"తాళం ఏదండీ?" అని నిలదీసింది.

"మనం ఎవరినీ వేలెత్తి చూపకూడదమ్మా. భద్రత మీద అవగాహన కలిగించాలి, అంతే. పైగా ఈ ఏడు నాటకాలు జరిపిస్తున్నదే ఆయన."

"ఏ ఆయన?"

"ఆయనే. లాండ్రీ ఆయన."

పోయిన పిల్లని రోజూ రిహార్సల్లో మళ్ళీ చంపుతున్నారు. ఆ మాటలు అందించాల్సింది ఈవిడే. మానేద్దామనుకుంది. మానేస్తే ఇంకెవరో అందిస్తారు. పళ్ళు బిగబట్టి కూర్చుంది.

ఆదివారం సాయంత్రం హాలు కిక్కిరిసింది. ముందు వరసలో ఓనరు, పక్కన ఆయన భార్య. చెల్లెలి వేషం వేసిన అమ్మాయి, ఎక్కడో బ్యాంకులో గుమాస్తా, చివరి మాటల దగ్గర అలవాటుగా తెర వైపు చెవి పెట్టింది.

"వెనక తలుపుకి తాళం వేసుంది," అంది అక్క.

"వెనక తలుపుకి తాళం వేసుంది!" అంది ఆ అమ్మాయి గొంతు వణికిస్తూ.

"బయటినుంచి వేయించారు. నేనేం మర్చిపోలేదు. తలుపు బాదాను, ఎవరూ తియ్యలేదు."

అదీ అనేసింది. అన్నాక గానీ ఆ అమ్మాయికి తెలియలేదు, ఇది తన మాట కాదని. గిరుక్కున తెర వైపు తిరిగింది.

"కొంప ముంచావు కదమ్మా!" అంటూ డైరెక్టరుగారు అక్క దగ్గరికి పరిగెత్తుకొచ్చారు. ఇంతలో హాలంతా చప్పట్లు. ఆయన ముఖం విప్పారింది. "పర్లేదులే, సీను బాగానే పండింది."

అక్క తెర సందులోంచి చూసింది. ఓనరు కూడా చప్పట్లు కొడుతున్నాడు. ఎవరి గొడవో అన్నట్టు, తల ఊపుతూ, నవ్వుతూ మరీ కొడుతున్నాడు. చెల్లెలి చావు ఆయనకి మంచి డైలాగైపోయింది. ఆవిడకి ఒళ్ళు తెలియని కోపం వచ్చింది. ఇన్నేళ్ళలో ఒక్కసారీ తొక్కని స్టేజీ మీదకి నడిచి, దీపాల వెలుగులో నిలబడింది.

"ఇది నాటకంలో మాట కాదు. చచ్చిపోయింది నా చెల్లెలు. ఏమయ్యా, తాళం వేయించింది నువ్వు కాదూ? చప్పట్లు కొట్టడానికి చేతులెలా వచ్చాయి?"

చప్పట్లు ఆగిపోయాయి. "తెర! తెర దించండి!" అని డైరెక్టరుగారు అరుస్తున్నారు. తాడు దగ్గరున్న మనిషి కదల్లేదు. అతనూ ఒకప్పుడు ఆ లాండ్రీలో పనిచేసినవాడే.

ఓనరు నవ్వబోయాడు. "పాపం, మతి చలించింది," అన్నాడు భార్యతో.

భార్య ఆయన ముఖంలోకే చూస్తోంది.

"తలుపు తీసే ఉందని కదండీ నాతో చెప్పారు?"