మా బావ బరువు మీద ఆగిన ట్రాక్టర్

"రాజేశం, ముందటికి సూడుర, ముందటికి!"

గల్లీ ఆ కొస నుంచి మా బావ కనకయ్య చేపల సంచి చేతుల పట్టుకొని ఒర్లుకుంట ఉరికొస్తున్నడు. నేను ముందటికే సూస్తున్న. నా ముందట బకెట్ ఉన్నది, బకెట్ నిండ మట్టి ఉన్నది, అంతా మంచిగనే ఉన్నది. మరి ఈయన ఎందుకు ఒర్లుతున్నడో సమజ్ గాలె. మొన్న ఆదివారం సంగతి ఇది. చెప్తే నవ్వుతరు, నవ్వుండ్రి. మా ఇంట్ల ఆ దినం నుంచి నవ్వుతనే ఉన్నరు.

మాది గోదావరిఖని దాటినంక ఓపెన్‌కాస్టు మట్టికుప్పల పక్కన చిన్న ఊరు. నేను ఆ ఓపెన్‌కాస్టు బొగ్గుగనిలనే ముప్పై ఏండ్లు షావల్ నడిపి రెండేండ్ల కింద రిటైరైన. షావల్ అంటే మామూలు మట్టి తవ్వే మిషన్ గాదు, దాని బకెట్ల మా వంటిల్లు పడ్తది. అసొంటిది నడిపిన చెయ్యి ఇది. ఇప్పుడు నాకు మిగిలింది ఒక పాత ట్రాక్టర్. దాని బ్యాటరీ ఎప్పుడో సచ్చింది. అందుకని రాత్రి ఇంటి ముందటి దిగుడు మీద పెడ్త, పొద్దుగాల బ్రేకు ఇడిస్తే అదే దొర్లుకుంట పోయి స్టార్ట్ అయితది. ఒక్కసారి లేసిందంటే పొద్దుమూకేదాక బంద్ చెయ్య.

ఇంటెనుక నారుమడి ఉన్నది. అండ్ల మా నారొక్కటే గాదు, మా బావది గూడ. ఆయన మా అక్క పెనిమిటి, ఉండేది కాసిపేట దిక్కు. వాళ్ల బోరు ఎండిందని ఈసారి నారు మా దగ్గర పోసిండు. వానలు లేవు. అట్లాంటి టైముల బోరు నుంచి నారుమడికి పోయే పైపు భూమిల ఎక్కడనో పగిలింది. మోటర్ తిరుగుతది, మడిల నీళ్లు పడయి. రెండొద్దులకే నారు కొసలు ఎర్రబడ్డయి. బావకేమో మంగళారం కూలోళ్లు నాటేయనీకి వస్తమన్నరు. నారు పోయిందంటే ఈ కారు పంటకు ఆయన పొలం పడావే.

పైపు గల్లీ అంచు పొంటి పోతది. తవ్వి, పగిలిన కాడ పట్టుకోవాలె. మనుషులందరు నాట్లకు పోయిన్రు, ఒక్కలు దొరకలె. తవ్వే బండోనికి ఫోన్ చేస్తే వారం ఆగుమన్నడు. బావ మొకం సూస్తే నాకు పాపమనిపిచ్చింది. ఫికర్ చెయ్యకు, నేను తవ్విస్త అన్న. ఎందుకంటే మా కొట్టంల ఎండకాలం తెచ్చిపెట్టిన పాత బ్యాక్‌హో ఉన్నది. ట్రాక్టర్ వెనుక తగిలిచ్చుకునే ఇనుప చెయ్యి, కొసకు చిన్న బకెట్, నడిపేటోనికి ఒక సీటు, నాలుగు లివర్లు. ఇన్నొద్దులు తగిలిచ్చనీకి తీరలె, అంతే.

మా ఇంటామె సుజాత యూసుఫ్ భాయ్‌ని పిలువుమన్నది. ఆయన గోదావరిఖనిల ట్రాక్టర్ మెకానిక్, చేయి మంచిది. నాకు రోషమొచ్చింది. వంటిల్లంత బకెట్ నడిపినోన్ని, బువ్వ గిన్నెంత బకెట్ బిగియ్యనీకి మెకానిక్‌ను పిలుస్తనా అన్న. ఆమె ఇంకేం మాట్లాడలె, లోపటికి పోయింది. మా ఇంట్ల ఆమె మాట్లాడకపోతేనే భయపడాలె, ఆ సంగతి నాకు ఎప్పుడూ తర్వాతనే యాదికొస్తది.

బావ చేపల కోసం పోంగనే పని సురువు చేసిన. ట్రాక్టర్ రివర్స్ తీసి కొట్టం కాడికి తెచ్చిన. మూడు పిన్నులు వెయ్యాలె. రెండు పడ్డయి, మూడోదాని బెజ్జం రెండు వేళ్ల దూరంల ఆగింది. గడ్డపారతోటి లేపిన, సమ్మెటతోటి కొట్టిన, కాలుతోటి తన్నిన. ఎట్లనో పడ్డది. ఇగ ఆయిల్ గొట్టాలు. వాటికి ఏదేది ఎక్కడికో తెలువనీకి రంగులు పెట్టిన్రు గని, ఎండకు రంగు పోయింది. అందాజ మీద పెట్టి బిగిచ్చిన. ఇవన్ని ఇంజన్ నడుస్తుండంగనే. గనిల ఎవడన్న గిట్ల చేస్తే నేనే తిడుతుంటి.

బ్యాక్‌హో సీటు వెనుకకు మొకం పెట్టి ఉంటది. అంటే కూసున్నోనికి బకెట్ కనవడ్తది, ట్రాక్టర్ ముందటి భాగం వీపెనుకకు పోతది. ఈ ముక్క యాది పెట్టుకోండ్రి.

ట్రాక్టర్‌ను గల్లీ అంచుకు తెచ్చి ఆ సీట్ల కూసున్న. మొదటి బకెట్ చిన్నగ తీసి పక్కకే పోసిన. అబ్బ, ఏం సుఖం. రెండేండ్ల తర్వాత లివర్ చేతికొచ్చింది. రెండోసారి లోతుకు దించి నిండ ఎత్తిన. మట్టి గల్లీ అవతల పడాలని చెయ్యి మొత్తం సాపిన. సీటు మెల్లగ వెనుకకు ఒరుగుతున్నట్టు అనిపిచ్చింది. మట్టి మెత్తగున్నది, టైరు దిగుతున్నదేమో అనుకున్న. గప్పుడే బావ ఒర్లిండు.

తలకాయ తిప్పి సూసిన. బానెట్ ఉండాల్సిన కాడ ఆకాశం ఉన్నది. బానెట్ ఆకాశంల ఉన్నది. ముందటి టైర్లు రెండు గాలిల యాలాడుతున్నయి.

మట్టి పారబోస్తే బరువు తగ్గుతదని లివర్ గుంజిన. గొట్టాలు ఉల్టా పడ్డయేమో, బకెట్ వంగాల్సింది పోయి ఇంకా మలుసుకున్నది. మిషన్ చెప్పినట్టు ఇనకపోతే ముందు ఇంజన్ బంద్ చెయ్యాలె, మాకు నేర్పిచ్చింది గదే. చెయ్యి వెనుకకు సాపి ఇంజన్ బంద్ చేసిన. కోళ్ల సప్పుడు గూడ ఇనొచ్చేటంత నిమ్మళమైంది. గప్పుడు యాదికొచ్చింది, ఇది దొర్లిస్తె తప్ప లేవదని. గాలిల ఉన్న ట్రాక్టర్‌ను ఎట్ల దొర్లిస్త?

బావ చేపల సంచి బయటికి ఉరికొచ్చిన సుజాత చేతుల పెట్టి, ఎగిరి ముందటి బంపర్ పట్టుకున్నడు. మా బావ మంచి మనిషి, బరువు గల్ల మనిషి. టైర్లు దబ్బున దిగినయి. ఆయన బంపర్ మీద కూసొని బానెట్‌ను కావలిచ్చుకున్నడు. నేను దిగిన. అయ్యింది గదా అని బావ ఒక్క కాలు కింద పెట్టిండో లేదో, ముందటి భాగం మళ్ల లేసింది. కాలు ఎంబడే పైకి గుంజుకున్నడు.

యూసుఫ్ భాయ్‌కి ఫోన్ చేసిన. బ్యాటరీ పట్టుకొని వస్త, అరగంట అన్నడు.

ఆ అరగంట నడుమ ఓపెన్‌కాస్టుల బ్లాస్టింగ్ సైరన్ మోగింది. రోజూ మోగేదే. మోగంగనే ఇంట్లకు పోయి కిటికీలు పెట్టుకునుడు మాకు అలవాటు, లేకపోతే బువ్వల గూడ దుమ్ము పడ్తది. అలవాటు కొద్ది నేను గూడ ఉరికిన. గడప దాటినంక వెనుక నుంచి ఇనొచ్చింది.

"ఓర్ని, నన్ను ఈడ మేకుకు కొట్టినట్టు కొట్టి నువ్వెటు పోతున్నవ్‌ర?"

సిగ్గయింది. ఛత్రి పట్టుకొని మళ్లొచ్చిన. భూమి గుద్దుమన్నది, ట్రాక్టర్ వణికింది, బావ కండ్లు మూసుకున్నడు. నేను పక్కన నిలవడి ఛత్రి పట్టిన. గల్లీల ముసలోళ్లు కిటికీల సందుల నుంచి సూసిన్రు. మా అక్కకు ఫోన్ ఎవలు చేసిన్రో ఇప్పటికీ తెలువదు.

యూసుఫ్ భాయ్ స్కూటర్ మీద బ్యాటరీ కట్టుకొని దిగిండు. మిషన్‌ను ముట్టలె. సుట్టూ ఒక్కసారి తిరిగి, దీనితోటి ముందట బరువుకు వేసే ఇనుప పలకలు రావాలె, ఏవి అని అడిగిండు. అసొంటివి ఏం రాలేవని ఖరాఖండిగ చెప్పిన.

"ఆరు పలకలు, నడుమల బెజ్జం, గవేనా భాయ్?" అన్నది సుజాత గడప మీది నుంచి.

గవే. తానాలగదిల నీళ్ల డ్రమ్ము కింద పెట్టి ఉన్నయి. డ్రమ్ము ఎత్తుకు మంచిగ సరిపోయినయని ఎండకాలం నేనే పెట్టిన, నేనే మెచ్చుకున్న.

డ్రమ్ము వంచి నీళ్లు పారబోసి, పలకలు తీసుకొచ్చి ముందట బిగిచ్చినం. బావ దిగిండు. కాళ్లు తిమ్మిరెక్కి రెండడుగులు కొంగోలె నడిచిండు. యూసుఫ్ భాయ్ గొట్టాలు మార్చిండు, బ్యాటరీ పెట్టి ఇంజన్ లేపిండు, పక్కల ఉన్న రెండు ఇనుప కాళ్లు భూమికి ఆనిచ్చిండు. తవ్వే ముందట ఇవి దించాలె అని నాకు చిన్నపోరనికి చెప్పినట్టు చెప్పిండు. నేను తలకాయ ఊపిన. ఆయనే తవ్విండు. పైపు పొంటి తొమ్మిది ఫీట్లు పోంగనే పగులు దొరికింది. అతుకేసి మోటర్ పెట్టినం.

బావ నారుమడి గట్టు మీద పోయి నిలవడ్డడు. నీళ్లు ఈ మూల నుంచి ఆ మూలకు పారి, మడి మొత్తం తడిసేదాక కదలలె. రెండు పోసలు పీకి, ఏర్లు సూసి, బతికింది అన్నడు. గప్పుడు నా వీపు మీద ఒక్కటి సరిచిండు. ప్రేమతోటనా, కోపంతోటనా తెలువలె. మంట మాత్రం పుట్టింది.

మూడున్నరకు అందరం వరండల కూసున్నం. వేడి వేడి బువ్వ, చేపల పులుసు. బావ, యూసుఫ్ భాయ్, నేను, వడ్డిచ్చుకుంట సుజాత. ఆకలి మీద బుక్కలు గబగబ మింగినం. ఆమె గూడ పళ్లెం పెట్టుకొని కూసున్నది. ఒక్క బుక్క తిని, నిమ్మళంగ అన్నది.

"కొట్టంల యూరియా బస్తాలు నాలుగున్నయి గదా. ముందట అవి పెడితే కనకయ్యన్న అప్పుడే దిగుతుండె."

యూసుఫ్ భాయ్ పళ్లెంలకు సూసుకుంట ముల్లు ఏరుతున్నడు. భుజాలు మాత్రం ఊగుతున్నయి.

"మరి అప్పుడే చెప్పకపోయినవ్?" అన్న.

"చెప్పేదాన్నే. షావల్ నడిపినోళ్లకు నేను చెప్పుడేందని ఊకున్న."

బావ నా దిక్కు సూసిండు. చెయ్యి సాపి నా పళ్లెంల ఉన్న చేప తలకాయ తీసి ఆయన పళ్లెంల వేసుకున్నడు. నేను పులుసు కలుపుకొని తిన్న.