డబ్బా కొట్టకుండా తోటలోకి వెళ్ళిన రోజు

మా చిన్నప్పుడు ఒక ఏడు చలికాలం వచ్చింది గానీ చలి రాలేదు... పుష్యమాసంలో కూడా దుప్పటి కాళ్ళ దగ్గరే పడి ఉండేది. పొద్దున్నే లేచి, లంగా ఎగ్గట్టి, నానమ్మ వెనకాల జీడితోటకి పరుగెత్తేదాన్ని.

మాది ఉద్దానంలో, బారువ దగ్గర ఒక పల్లె. తోటకి సముద్రం వైపు గట్టున నానమ్మ పొన్నమొక్కలు వేసింది. తుఫాను గాలిని ఆపేవి పొన్నచెట్లూ మొగలిపొదలేనని ఆమె నమ్మకం. నూతి నుంచి బిందెతో నీళ్ళు తెచ్చి చెంబుతో పోసేవాళ్ళం. చలి లేదు కదా... మొక్కలు వారానికో చిగురు తొడిగేవి. నేను ప్రతి ఆకునీ ముట్టుకుని చూసేదాన్ని.

"ఈ యేడు మొక్కలకి పండగేనే గుంటా" అనేది నానమ్మ. ఆడపిల్లని మావైపు ముద్దుగా గుంట అంటారు.

ఉద్దానం వాళ్ళకి చెప్పక్కర్లేదు, మా తోటల్లో ఎలుగుబంట్లు తిరుగుతాయి. జీడిపళ్ళన్నా పనసపళ్ళన్నా వాటికి ప్రాణం. అందుకని ఎండాకాలంలో తోటలోకి అడుగుపెట్టే ముందు పాత నూనెడబ్బా వాయించి, "వత్తన్నాం... వత్తన్నాం..." అని కేకవేయడం మా ఆనవాయితీ. మనిషి అలికిడి తెలిస్తే అది తన దారిన తాను పోతుంది. పళ్ళు లేని చలికాలంలో ఆ అవసరం ఉండదు. డబ్బా ఇంట్లో చూరుకి వేలాడుతూ ఉండేది.

ఆ ఏడు మాఘం రాకుండానే నాలుగైదు చెట్లకి పళ్ళు పండాయి. ఎర్రగా, నోరూరిస్తూ... నేనూ నానమ్మా మురిసిపోయాం, చెరో రెండు తిన్నాం కూడా. పళ్ళు వచ్చాయంటే ఎలుగూ వస్తుందన్న ఆలోచన ఇద్దరికీ రాలేదు. చలికాలమే కదా అనుకున్నాం!

ఒక పొద్దున నానమ్మ వంగి పొన్నమొక్క పాదు సరిచేస్తోంది. నేను చెంబు పట్టుకుని ఎదురుగా ఉన్నాను. గుర్రుగుర్రుమని చప్పుడు... ఏ పందో అనుకుని తలెత్తాను. నానమ్మ వెనకాల, పది అడుగుల దూరం కూడా లేదు... నల్లగా, జూలు విరబోసుకుని ఎలుగు.

అరవాలి. తెలుసు. నోరు తెరిచాను... గాలి తప్ప ఏమీ రాలేదు. లంగా తడిసిపోయింది. చెంబు వాయించినా సరిపోయేది, చెయ్యి కదల్లేదు. అది ముందరి కాళ్ళు లేపి నిలబడింది. నానమ్మ ఇంకా మట్టి సర్దుతూనే ఉంది.

"నీల్లు పొయ్యవేటే?" అంటూ తలెత్తి నా మొహం చూసింది. అంతే, ఆమెకి అర్థమైపోయింది. వెనక్కి తిరగలేదు. నా చేతిలో చెంబు లాక్కుని, అందిన రాయితో దబదబా బాదుతూ, "వత్తన్నాం తల్లీ... సెప్పకుండా వచ్చీసినాం... తప్పయిపోనాది... నువ్వెల్లిపో అమ్మా..." అని పెద్దగా వేడుకుంది.

ఎంతసేపో తెలీదు. అది నాలుగు కాళ్ళ మీదికి దిగి, మొగలిపొదల వైపు వెళ్ళిపోయింది. నానమ్మ అక్కడే కూలబడింది.

ఇంటికొచ్చాక అందరూ చుట్టూ మూగారు. నేను అరవలేదని చెప్పేస్తుందేమోనని నానమ్మ చెంగు చాటున నక్కాను. నానమ్మ నా తల నిమిరి, "మా గుంట కేకేసింది గాబట్టి బతికినాను" అంది. ఊరంతా నన్ను మెచ్చుకుంది. నేను కాదనలేదు... ఆమె పోయేదాకా ఆ సంగతి మా ఇద్దరి మధ్యే ఉండిపోయింది.

ఇప్పుడు చలి లేని చలికాలాలు మామూలైపోయాయి. ఎప్పుడు పూత, ఎప్పుడు కాయ, ఎప్పుడు భయపడాలో ఎవరికీ తెలియడం లేదు. మా అమ్మాయి పొన్నమొక్కలకి నీళ్ళు పోస్తుంటే వెనకాల నిలబడి, పనేమీ లేకపోయినా గట్టిగా పేరు పెట్టి పిలుస్తాను. "ఏటమ్మా, ఊరికే పిలుత్తావు?" అని విసుక్కుంటుంది.

గొంతు వస్తుందో లేదో చూసుకుంటున్నానని దానికెలా చెప్పను... మీకూ ఎప్పుడైనా నోరు పెగలని క్షణం ఉంటే ఇక్కడ రాయండి. ఆ రోజు నానమ్మ కోసం నేను కేక వేయలేదని, ఇన్నేళ్ళకి మొదటిసారి మీకే చెబుతున్నాను.