మూడు మూరల కింది బండ

నా చిన్నప్పుడు, రెండో ప్రపంచయుద్ధం ముగిసిన ఏడాది, ఆళ్లగడ్డ దగ్గర మా ఊరి క్రైస్తవ సంఘం రెండోసారి ప్రార్థన మందిరం కట్టడానికి పూనుకుంది. మొదటిది మూడేళ్లకే గోడలు చీలి కూలిపోయింది. ఇదీ కూలితే మళ్లీ కట్టుకునే శక్తి కూలినాలి చేసుకునే మావాళ్లకు లేదు.

మా చిన్నాయన అప్పుడే పటాలం నుంచి వచ్చాడు. అక్కడ ఆయన తుపాకీ కంటే పారే ఎక్కువ పట్టాడు. బెంగళూరులో మొదటి ఆర్నెల్లు గుంతలు తవ్వడమే నేర్పారట. తర్వాత కొలతలు, ఆ తర్వాత గోడలు, చివరికి వంతెనలు. నాలుగో తరగతితో బడి మానేసినవాడు నాలుగేళ్లలో నేలను చదవడం నేర్చుకుని వచ్చాడు.

అప్పటికే పెద్దలు మూరెడు లోతు తవ్వి, ప్రార్థన చేసి, పునాదిరాయి పెట్టేశారు. చిన్నాయన గుంతలోకి తొంగిచూశాడు.

"ఇంకా తవ్వాల, నాయనా. ఇది రేగడి. వానకు ఉబ్బుతాది, ఎండకు నోరు తెరుస్తాది."

చిన్నాయన తండ్రి, మా తాతయ్య, సంఘానికి వాక్యం చెప్పే ఉపదేశి. "దేవుని పేరు మీద పెట్టిన రాయి గదప్పా. ఇప్పుడు పెరికితే మన విశ్వాసం యాడ పోయినట్ల?"

"పటాలంలో నీకు జీతమిచ్చింది గుంతలు తవ్వేదానికేనా?" అని ఒక సంఘపెద్ద ఎగతాళి చేశాడు.

"అవు మామా, ఆర్నెల్లు దానికే," అన్నాడు చిన్నాయన, ఏమాత్రం నొచ్చుకోకుండా.

ఆ సాయంత్రం ఆయన తట్టలో రేగడిమట్టి తడిపి, దానిమీద గులకరాళ్లతో చిన్న గోడ పేర్చి, మిద్దెమీద ఎండకు పెట్టాడు. ఆదివారం ఆరాధన కాగానే ఆ తట్ట తెచ్చి అందరి ముందూ ఉంచాడు. మట్టి పగుళ్లిచ్చింది. గోడ ఒక పక్కకు ఒరిగిపోయింది.

"పాపా, బండమీద ఇల్లు కట్టినోని కత చెప్పు," అన్నాడు నాతో.

ఆదివారపు బడిలో నాకు బహుమానం తెచ్చిన బైబిలు కథ అది. గడగడా మొదలుపెట్టాను. సగంలో ఆపాడు.

"బండ దొరికేదానికి ముందు ఏం జేసినాడు?"

"లోతుగా తవ్వినాడు."

"ఈ మాట నాది గాదు, నాయనా," అన్నాడు చిన్నాయన.

తాతయ్య వంగి, తట్టలోని పగుళ్లలో వేలు పెట్టి చూశాడు. మరునాడు తెల్లవారగానే పంచె ఎగ్గట్టి గుంతలో దిగి, తాను పెట్టిన రాయిని తానే రెండు చేతులా పైకెత్తాడు. సంఘమంతా వంతులేసుకుని తవ్వింది. అయిదో రోజున, మూడు మూరల కింద, పార బండకు తగిలి ఖంగుమంది. ఆ రాయినే మళ్లీ ప్రార్థన చేసి అక్కడ దించారు.

ఆ మందిరంలోనే నా పెళ్లి జరిగింది, నా మనవళ్లు బాప్తిస్మం పొందారు. బండను చేరే తొందరలో ఆ కథలోని తవ్వడమన్న మాటను నేను ఎన్నిసార్లు దాటిపోయానో ఆ తట్ట ముందు నిలబడిననాడే తెలిసింది. ఇప్పటికీ వాక్యం తెరిచినప్పుడు, తెలిసిందే కదా అని దాటబోయిన చోటే ఆగి పార దించుతాను.