మూడు వేళ్ళ నోరు

శ్రీహరికోటలో రాకెట్టు లేచినప్పుడల్లా మా అల్లూరులో పనులన్నీ ఆగిపోతాయి. ఫోన్లో చూడొచ్చు కదా అంటే ఎవరూ వినరు, వీధిలోకి రావలసిందే. ఆ సాయంత్రం నేను కూడా కుడుతున్న జాకెట్టును మిషన్ మీద అట్లాగే వదిలేసి వీధిలోకి పరిగెత్తాను. దక్షిణం వైపు నిప్పుముద్ద ఒకటి కొబ్బరిచెట్ల మీదుగా పైకి పోతోంది. వీధి వీధంతా నోళ్ళు తెరిచి చూసింది. అది మబ్బుల్లోకి పోగానే అందరూ నోళ్ళు మూసుకుని ఇళ్ళలోకి వెళ్ళిపోయారు. నాది మూసుకోలేదు.

వేళాకోళం కాదు. కుడి చెవి ముందర దవడ కీలు టక్కుమంది. తెరిచిన నోరు తెరిచినట్టే ఉండిపోయింది. నేను "ఆ... ఆ..." అంటుంటే, ఇంకా రాకెట్టునే మెచ్చుకుంటున్నాననుకున్నాడు మా ఆయన.

"పోయింది లేవే, ఇంక లోపలికి రా" అన్నాడు. తర్వాత నా కళ్ళల్లో నీళ్ళు చూసి, "ఓరి దేవుడా!" అని బండి తీశాడు.

నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నెల్లూరు దారిన పడ్డాం. ఆయన రొయ్యల గుంటల దగ్గర పనిచేస్తాడు. రోజంతా నీళ్ళు చిలికే ఏరియేటర్ల హోరులో అరిచి అరిచి, మామూలు మాట కూడా ఊరికి వినపడేట్టు మాట్లాడతాడు. "భయపడబాకే! ఏం కాదులే!" అని దారిపొడుగునా కేకలు. ఆ కేకల్లో ముందున్న స్పీడ్ బ్రేకర్ చూసుకోలేదు. బండి ఎగిరింది, నేనూ ఎగిరాను, నా దవడ టక్కుమని దాని చోట్లో పడింది.

"చూసినావా, డాక్టరు పని నేనే చేసినా!" అన్నాడు. తిట్టడానికి నోరు వచ్చింది గాని నొప్పికి మాట రాలేదు.

ఆ నొప్పి ఇక పోలేదు. నిజానికి ఏడాది నుంచీ అన్నం నమిలినప్పుడల్లా చెవి దగ్గర ఆ చప్పుడు ఉంది, పొద్దున లేస్తే కణతల దాకా సలుపు. నేనే పట్టించుకోలేదు. ఈసారి నెల్లూరు దాకా వెళ్ళి పళ్ళ డాక్టరమ్మకు చూపించుకున్నాం. చిన్నపిల్ల, చాలా ఓపిక. మూడు వేళ్ళు ఒకదాని మీద ఒకటి నిలువుగా పెట్టి నోట్లో పట్టించమంది. నాకు రెండే పట్టాయి. మూడూ పట్టాలట.

"ఇది ఒక్క రోజులో పోయేది కాదమ్మా. కనిపెట్టుకుని ఉండాలి" అంది. మెత్తటి తిండి తినాలి, కాపడం పెట్టుకోవాలి. ఆవలింత వస్తే గడ్డం కింద పిడికిలి ఆన్చాలి. కొన్నాళ్ళు గట్టిగా మాట్లాడకూడదు, పాడకూడదు. ఊరికే ఉన్నప్పుడు పెదవులు కలిసి ఉండాలి, పళ్ళు మాత్రం కలవకూడదు.

"పళ్ళతో ఏమైనా కొరికే అలవాటుందా? గోళ్ళు, చెరుకు, అట్లాంటివి?"

"అబ్బే, నాకట్లాంటి పాడు అలవాట్లు లేవు మేడం" అన్నాను ధీమాగా.

"మేడం, ఈ నోరు మొత్తానికే మూతబడే మందేమన్నా ఉండాదా?" అని మా ఆయన అడిగాడు. డాక్టరమ్మ పడీపడీ నవ్వింది. నాకు ఒళ్ళు మండింది.

తిండి సంగతి నేను పట్టించుకోలేదు. చెక్కలూ మురుకులూ పోతే పోయాయి. మామిడికాయ వేసిన చేపల పులుసు ఉండగా నమలాల్సిన పనేముంది? పాడకూడదు అన్న మాట ఒక్కటే గుండెలో గుచ్చుకుంది. మా చర్చిలో ఈస్టరు తెల్లవారుజామున సముద్రం ఒడ్డున ఆరాధన చేస్తాం. మైకు పెట్టినా గాలికి ముక్క వినపడదు. అందుకని ఒక మనిషి గొంతెత్తి మొదటి పాట అందుకోవాలి, ఆ వెనకాల అందరూ కలవాలి. ఆ పాట మా అమ్మ ఎత్తేది. అమ్మ చనిపోయిన ఏడాది పాస్టరు అయ్యగారు నా వైపు చూశారు, నేను ఎత్తాను. అప్పటినుంచీ నేనే. ఏడాదిలో ఆ ఒక్క పొద్దున అమ్మ నా గొంతులోకి వచ్చి కూర్చుంటుంది. ఆ ఒక్కటీ పోతే నాకింకేం మిగులుతుందని ఏడ్చాను కూడా.

మిషన్ తొక్కుతూ పాడుకోవడం మానేశాను. "మా ఇల్లు ఎంత ప్రశాంతంగా ఉండాదో!" అని మా ఆయన గుంటల దగ్గర అందరికీ చెప్పుకున్నాడు. ఇంతలో ఈస్టరుకు ముందు నలభై రోజుల ఉపవాసాల శ్రమకాలం వచ్చింది. నొప్పికి పులుసన్నం కూడా నమల్లేక నేను గంజీ మజ్జిగా తాగుతూ, మాట్లాడకుండా, చిక్కిపోయి కనపడేసరికి అది ఉపవాస దీక్ష అనుకున్నారు చర్చిలో. ప్రసంగం మధ్యలో ఆవలింత వచ్చి గడ్డం కింద పిడికిలి ఆన్చుకుంటే, వాక్యాన్ని అంత లోతుగా ధ్యానిస్తున్నానని అయ్యగారు నన్నే చూస్తూ చెప్పేవారు. కాదని చెప్పడానికి నోరు తెరవాలి కదా, ఊరుకున్నాను.

నొప్పి మాత్రం తగ్గలేదు. ఈస్టరు దగ్గర పడ్డాక పాస్టరుగారి భార్య జాకెట్టు కొలత సరిచూసుకోవడానికి వచ్చారు. ఆవిణ్ణి ఊళ్ళో అందరం అమ్మగారు అంటాం. చేతి మడత దగ్గర కుట్టు వేస్తున్నాను. ఆవిడ నెమ్మదిగా మొదలుపెట్టారు.

"నీకు కష్టంగా ఉండాది గదా. ఈ తూరి పాట ఇంకెవరన్నా ఎత్తుతారులేమ్మా."

ఆవిడ మంచికే అన్నారు. నాకు మాత్రం కోపం తన్నుకొచ్చింది. ఆ కోపంలోనే కుట్టు చివర ముడివేసి, వంగి దారాన్ని పటుక్కున కొరికాను. దవడ టక్కుమంది. అమ్మా అని కూలబడ్డాను.

"అదేందమ్మే, పళ్ళతో కొరుకుతుండావు? కత్తెర లేదా?"

కత్తెర నా మెడలోనే తాడుకు వేలాడుతోంది. గుడ్డకు కత్తెర, దారానికి పళ్ళు. కుట్టుపని నేర్చిన నాటినుంచీ నా చేతివాటం అంతే. హెమ్మింగ్ మధ్యలో గుడ్డ సర్దుకునేటప్పుడల్లా సూదిని కూడా పళ్ళ మధ్యే బిగించి పట్టుకుంటానని అప్పుడే తెలిసింది. లేవు మేడం అని అంత ధీమాగా చెప్పి వచ్చానే! సిగ్గూ నవ్వూ కలిసి వచ్చాయి. నవ్వితే మళ్ళీ నొప్పి.

"ఈస్టరు దాకా చూద్దాం అమ్మగారూ" అన్నాను.

మర్నాటి నుంచి సూది దిండుకు, దారం కత్తెరకు. చెయ్యి మర్చిపోయి నోటిదాకా వచ్చేది, తిట్టి వెనక్కి పంపేదాన్ని. పొద్దునా సాయంత్రం ఉప్పు మూటతో కాపడం. నెమ్మదిగా సలుపు తగ్గింది. అద్దం ముందు నిలబడి చూసుకుంటే రెండు వేళ్ళు హాయిగా పట్టేవి, మూడోది సగం దాకా వచ్చి ఆగేది. ఆ సగం కోసం ఎంత ప్రార్థన చేశానో.

ఈస్టరు నాటికి కూడా అది సగమే. ఒడ్డున ఇసకలో అందరూ నిలబడ్డారు. తూర్పు కాస్త ఎర్రబడుతోంది, గాలి విసురుగా ఉంది. అయ్యగారు నా వైపు చూశారు. ఎత్తాను. చిన్న నోటితో, చిన్న గొంతుతో. ముందు వరసలో వాళ్ళు వినడానికి ఇంకాస్త దగ్గరికి జరిగారు. రెండు చరణాలు గడిచాయి. మూడో దాంట్లో గొంతు పైకి పోవాలి, నోరు బారుగా తెరవాలి. అక్కడే మా అమ్మ గాలిని మించి పాడేది. నేను తెరవబోయాను, కీలు పట్టేసింది. గడ్డం కింద పిడికిలి ఆన్చుకుని నిలబడిపోయాను.

అప్పుడు వెనకాల, మగవాళ్ళ వరసలోంచి, ఏరియేటర్ల హోరును దాటే ఆ గొంతు లేచింది. శృతి లేదు, తాళం లేదు. మాట మాత్రం ఒక్కటీ తప్పలేదు. చర్చిలో పెదవి కదపని మనిషి ఆ చరణాన్ని కేక పెట్టినట్టు పాడుతుంటే జనం నవ్వుతూనే కలిశారు. నాకు ఏడుపు ఆగలేదు.

తిరిగి వచ్చేటప్పుడు బండి దగ్గర అడిగాను, "నీకా పాట ఎప్పుడొచ్చిందయ్యా?"

"రోజూ మిషన్ తొక్కతా పాడతా ఉంటివి గదా. రాకేం జేస్తాది?" అన్నాడు. తాళం చెవి తిప్పబోయి ఆగి, అటు తిరిగి చెప్పాడు. "నువ్వు పాడటం మానినాక ఇంటికి రాబుద్ధి గాలేదే నాకు."

నేను వెనక ఎక్కి కూర్చున్నాను. పెదవులు కలిపి, పళ్ళు విడిగా పెట్టుకుని, ఇల్లు చేరేదాకా ఆ పాటే కూనిరాగం తీశాను.