అరుగు మీద పెట్టిన కలబంద

మా చిన్నప్పుడు... రేపల్లె దగ్గర మా ఊళ్లో, పెరటి గోడ వారగా నెర్రెలిచ్చిన బానల్లో, చిల్లుపడిన బకెట్లలో అన్నీ కలబంద మొక్కలే. మా అమ్మ బడిలో టీచరు. మా నల్లమట్టిలో నీళ్లు నిలిచి వేరు కుళ్లిపోతుందని ఇసుకా ఇటుక ముక్కలూ కలిపి పాతేది. నాకేమో రోజూ నీళ్లు పోయాలని ఆత్రం... "దానికి కావాల్సినప్పుడు పొయ్యవే, నీకు తోచినప్పుడు కాదు" అని కసిరేది.

ఊళ్లో ఎవరికి చెయ్యి కాలినా మా ఇంటికే కబురొచ్చేది. అమ్మ ముదురు మట్ట కోసి, గిన్నెలో నిలబెట్టి, పచ్చటి చేదు జిగురంతా కారిపోయాకే ఇచ్చేది.

ఒకరోజు ఊరి పెద్దరైతు గారింట్లో అమ్మగారికి గారెలు వేస్తుంటే నూనె చింది చెయ్యి బొబ్బలెక్కింది. మట్ట పట్టుకుని నేనే పరుగెత్తాను. అప్పుడు నాకు తొమ్మిదేళ్లు. నా చేత్తోనే రాస్తానని ఎంత సంబరమో...

"అక్కడే అరుగు మీద పెట్టమ్మాయ్" అన్నారావిడ. పెట్టాను. కోడలు వచ్చి దాని మీద చెంబుడు నీళ్లు గుమ్మరించి అప్పుడు తీసుకుంది. మా కులం వాళ్ల చెయ్యి తగిలింది కదా. పైగా "టీచరమ్మ హస్తవాసి మంచిదే" అని మెచ్చుకున్నారు కూడాను.

ఇంటికొచ్చి, "మట్టకి మట్టేం అంటుకోలేదు కదమ్మా, ఎందుకు కడిగారు?" అని అడిగాను. అమ్మ మట్టలు కోసే కత్తి కడిగి పక్కన పెట్టింది. "ఇకనుంచి కావాల్సినవాళ్లు మనింటికొచ్చి కోసుకుంటార్లే" అంది. ఊళ్లో అదే మాట చెప్పించింది.

ఒక్కరూ రాలేదు. కాలిన చేతికి టూత్‌పేస్టు రాసుకున్నారు గానీ మా గడప తొక్కలేదు. మొక్కలు తెగ పిలకలు పెట్టాయి, కోసేవాళ్లే లేరు. అమ్మ అటువైపు వెళ్లడం తగ్గించేసింది. ఆ పెద్దరైతు గారింటి మీద నాకు ఇప్పటికీ కోపమే, దాచుకోను.

ఇప్పుడు తెనాలిలో మా ఫ్లాటు బాల్కనీ నిండా ఆ బానల్లోంచి తెచ్చిన పిలకలే. జుట్టుకనీ మొహానికనీ అపార్ట్‌మెంట్ ఆడవాళ్లు అడుగుతారు. "లోపలికొచ్చి మీరే కోసుకోండి" అంటాను. వస్తారు, కోసుకుంటారు. మొన్న పై ఫ్లోర్ ఆవిడకి టీ ఇస్తే "ఉపవాసమండి" అన్నారు. పోయిన నెల వచ్చినప్పుడూ ఉపవాసమే. అంతకుముందూ అంతే...

కాలం మారిందంటారు. నిజమే, మట్ట మీద నీళ్లు గుమ్మరించడం మానేశారు.

మీ ఇళ్లలోనూ కలబంద ఉండే ఉంటుంది. ఎవరెవరు పట్టుకెళ్లేవారో చెప్పండి... వాళ్లలో మీ ఇంట్లో మంచినీళ్లు తాగినవాళ్లు ఎందరో, అది కూడా చెప్పండి.