గోడ మీది నీళ్ల గీత

మా డ్రాయింగ్ సార్ పోయారని మొన్న మంగళవారం పొద్దున మా తమ్ముడు గోదావరిఖని నుంచి ఫోన్ చేశాడు. నేను శ్రీరాంపూర్‌లో బడికి బయలుదేరుతున్నాను. "అక్కా, సార్ పోయిండు. నిద్రలనే పోయిండట. పాలాయన తలుపు కొడితే తీయలేదట," అన్నాడు. మళ్లీ తనే, "వాళ్లక్క సముద్రం కాడి నుంచి రావాలె. రేపటి దాక ఆపుతరు. నువ్వు రా," అన్నాడు.

బస్సెక్కి కూర్చున్నాక నాకు గుర్తొచ్చింది సార్ ముఖం కాదు, ఆయన గది గోడ.

నేను ఎనిమిదో తరగతిలో ఉండగా ఆయన, బొగ్గు కంపెనీ నడిపే మా బడికి వచ్చారు. కోస్తాలో ఏదో చేపల ఊరు ఆయనది. మొదటి రోజే మమ్మల్ని సముద్రం గీయమన్నారు. మేమంతా బొగ్గుబాయి కార్మికుల పిల్లలం, ఒక్కరం కూడా సముద్రం చూసినవాళ్లం కాదు. గోదావరిని గీసి, అవతలి ఒడ్డు రబ్బరుతో చెరిపేశాం. సార్ ఒక్కో కాగితం తీసి చూశారు. నవ్వలేదు. "సరిగానే గీశారమ్మా. అవతలి ఒడ్డు లేకపోతే సముద్రమే. మా ఊళ్లో ఇవతలి ఒడ్డు కూడా పోతోంది. అది నేను గీస్తాను," అన్నారు.

బోర్డు మీద తన వీధి గీశారు. పన్నెండు ఇళ్లు, చివర చర్చి, దాని వెనక సమాధుల తోట. ఏటా ఎండాకాలం సెలవులకు ఊరెళ్లి వచ్చి, బడి తెరవగానే ఆ వీధినే మళ్లీ గీసేవారు. తొమ్మిదిలో పదకొండు ఇళ్లున్నాయి. పదికి వచ్చేసరికి ఎనిమిది. పోయిన ఇంటి చోట ఖాళీ వదిలేవారు కాదు. తలుపొక్కటి గీసేవారు, నీళ్లలో తెరుచుకొని నిలబడ్డ తలుపు. మనుషులెవరూ ఉండేవారు కాదు. ఆ ఏడు మాత్రం, సముద్రం తీసుకుపోయిన మూడో ఇంటి ముందు, లేని అరుగు మీద ఒక ముసలామె కూర్చొని ఉంది.

నేను లేచి అడిగాను. "సార్, ఇల్లే లేదు గదా, ఈ అవ్వ ఎట్ల కూసున్నది?"

"మా అమ్మ," అన్నారు సార్. "చనిపోయి ఆరేళ్లయింది. సమాధుల తోటలో పెట్టాం. ఈ ఏడు తోట కూడా నీళ్లలోకి పోయింది. ఇక ఎక్కడ గీయాలో తెలియక మా పాత ఇంటి ముందు కూర్చోబెట్టాను."

తర్వాతి పీరియడ్ లెక్కల సార్ వచ్చి బోర్డు తుడవబోయి, ఎందుకో ఆమెను ఒక్కదాన్నే వదిలేసి మిగతాది తుడిచారు.

సార్ పెన్సిల్‌ను బ్లేడుతో చెక్కి, మొనను బొటనవేలికి రుద్దేవారు. ఆ వేలు ఎప్పుడూ బూడిదరంగులో ఉండేది. నీళ్లెలా గీయాలని ఎవరడిగినా ఒకటే మాట: "పొడిగా ఉన్నదాన్ని గీయండి. మిగిలిందంతా నీళ్లే."

ఆ ఏడాదే బడిలో ప్రదర్శన పెట్టారు. సార్ ఒక పెద్ద అట్ట మీద వరసగా గళ్లు గీశారు. వేడెక్కిన గాలి, కరిగే మంచు, ఉబ్బే సముద్రం, కోసుకుపోయే ఒడ్డు. ఆ తర్వాత ఒడ్డును కాపాడే మడచెట్ల వరస, ఎత్తు స్తంభాల మీద ఇళ్లు, వెనక్కి జరిపిన వీధి. వీటన్నిటికీ ముందున్న గడిలో పొగ గొట్టాలు, వాటి కింద బొగ్గు తట్టలు మోసే మనుషులు. మా నాన్న బొగ్గుబాయిలో నీళ్లు తోడే పంపు నడిపేవాడు. మొదటి షిఫ్టు దిగి అవే బట్టలతో వచ్చాడు. ఆ గడి ముందు చాలాసేపు నిలబడ్డాడు.

"సార్, మీ ఊరు మునిగింది మా బొగ్గుతోనా?"

పక్కనున్న కార్మికులు దగ్గరకు జరిగారు. నాకు భయమేసింది. సార్ గొంతు తగ్గించలేదు, పెంచలేదు. "బొగ్గొక్కటే కాదన్నా. బొగ్గు కూడా. ఆ తట్టలు మోసేవాళ్లలో మూడో మనిషిని చూడండి."

వంగి చూశాం. అది సారే.

"నా జీతం కూడా అందులోంచే వస్తోంది," అన్నారు.

నాన్న ఇంకాసేపు చూసి, "గట్లయితే నన్ను గూడ గీయుండ్రి," అన్నాడు. సార్ అక్కడే నిలబడి, తన వెనకాల నాన్నను గీశారు.

ఆ తర్వాతి సెలవుల్లో సార్ ఊరెళ్లి, మిగిలిన ఎనిమిది ఇళ్ల తలుపుల మీద నీళ్లు ఎక్కడిదాకా రావచ్చో సుద్దతో గీతలు గీశారు. మా ఇంటికి చావు గీస్తున్నావా అని ఊళ్లోవాళ్లు తిట్టారట. వాళ్లక్క మాత్రం తన తలుపు గీతకు ఎదురుగా మూడు రోజులు కూర్చొని, నాలుగో రోజు సామాను సర్దుకొని రోడ్డవతల ఎత్తు మీదికి మారిపోయింది. తర్వాతి తుఫానుకు ఆ ఇల్లు లేదు. "నా బొమ్మ చూసి కదిలింది మా అక్కొక్కతే. మిగిలినవాళ్లను నీళ్లే కదిలించాయి," అనేవారు సార్. అది సంతోషమో బాధో నాకెప్పుడూ తెలియలేదు. నేను సైన్సు టీచర్‌నయింది మాత్రం ఆ గీతల వల్లే.

సార్ పెళ్లి చేసుకోలేదు. రిటైరయ్యాక గోదావరిఖనిలోనే ఒక గది తీసుకున్నారు. నాలుగు గోడల చుట్టూ ఆ వీధిని గీసి, కింద నీళ్ల గీత లాగారు. గీత కింద అంతా తెల్ల సున్నం. ఏటా గీత కొంచెం పైకి జరిపి, దాని కిందికి వచ్చినవన్నీ తుడిచేసేవారు. మొదట చూసినప్పుడు అది నా మోకాళ్ల దాకా ఉండేది. పోయిన చలికాలం వెళ్తే ఛాతీ దాకా ఉంది.

"సార్, మీ మంచం మునిగిపోయింది," అన్నాను నవ్వించాలని.

"పడుకుంటే బాగానే ఉంటుందమ్మా. నీళ్ల కింద అలల చప్పుడు వినపడదు," అన్నారు, మామూలుగా.

గది బయటికొచ్చాక చూసుకున్నాను. చీర కుచ్చిళ్లు తడుస్తాయన్నట్టు చేత్తో ఎత్తి పట్టుకొని ఉన్నాను.

బుధవారం వాన. వాళ్లక్క వచ్చింది, బక్కపలచని మనిషి. తనను ఇక్కడే పెట్టమని సార్ పాస్టరుగారికి ముందే చెప్పుకున్నారట. సమాధి గుంటలో ఊట పడింది. ఇద్దరు బకెట్లతో తోడుతున్నారు, అది మళ్లీ నిండుతోంది. "ఇగ ఆగదమ్మా," అన్నాడు లోపలున్నతను, ఆమె వైపు చూసి.

ఆమె వచ్చి గుంట అంచున గొంతుక్కూర్చుంది. బకెట్ దగ్గరికి తెమ్మంది. దోసిట్లోకి కాసిని నీళ్లు తీసుకొని నాలుక మీద వేసుకుంది. ప్రార్థన చదువుతున్న పాస్టరుగారు ఆగిపోయారు. ఆమె కళ్లు మూసుకొని చాలాసేపు రుచి చూసింది.

"ఉప్పు లేదు," అంది చివరికి. "మంచినీళ్లే. దించండి."

తడిచెయ్యి కొంగుకు తుడుచుకోకుండా, అలాగే ముందుకు చాపి పట్టుకొని, పెట్టె అడుగుకు ఆని చప్పుడు ఆగేదాకా వానలో నిలబడింది.